వంశధార ఒడ్డున తాగునీళ్లు: కొండ కట్టెలన్నీ పొయ్యిలో పెట్టకుండా శుభ్రం చేసుకోవడం ఎలా

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి వెళ్లాక ఒడిశా గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు మా ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. బోరు మోటార్లు ఆగిపోయాయి. వీధి బావిలోకి వరద నీరు దిగింది. అప్పుడు నేను చేసిన నిర్వాకం ముందే చెప్పేస్తాను. ఎవరో ఇచ్చిన బ్లీచింగ్ పౌడర్‌ని కొలతా పాడూ లేకుండా, పొడిగానే, నాలుగు పిడికిళ్లు బావిలో గుమ్మరించాను. మర్నాడు చేద వేస్తే వాంతి వచ్చే కంపు. వీధిలో ఎవరూ ఆ నీళ్లు నోట పెట్టలేదు. బిందెలు పట్టుకుని అందరూ ఏటికి పోయారు, ఎర్రగా బురద పారుతున్న ఏటికి. అంటే నేను చేసిన శుభ్రం వల్ల ఊరు అంతకన్నా చెడ్డ నీళ్లు తాగింది.

ఆ తర్వాత మెల్లగా నేర్చుకున్నదే ఇది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పల్లెల్లో ఉన్నవాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. బావి, బోరింగు, కొండ ఊట, గడ్డ (కొండ వాగు) ఉన్న ఏ ఊరికైనా పద్ధతి ఇదే.

ముందు తాగే నీళ్లు వేరు చేయండి

ఇంటికి వచ్చే నీళ్లన్నీ శుద్ధి చేయాలనుకుంటే రెండో రోజుకే విసుగొచ్చి మానేస్తారు. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 3 లీటర్ల లెక్కన తాగడానికి 15 లీటర్లు, ఎండాకాలం 20 లీటర్లు. కష్టపడాల్సింది ఆ 20 లీటర్ల కోసమే. స్నానానికి, బట్టలకు, పశువులకు మామూలు నీళ్లు చాలు.

అయితే తాగే నీళ్ల లెక్కలో చాలామంది మర్చిపోయేవి ఉన్నాయి. రాత్రి చద్దన్నంలో పోసే నీళ్లు, ఒడియా వాళ్ల పఖాళలో పోసేవి కూడా, తాగే నీళ్లే. చోడి (రాగుల) అంబలి చల్లారాక పలచన చేయడానికి కలిపేవీ, పచ్చి ఉల్లిపాయ, దోసకాయ కడిగేవీ అంతే. తాగేది కాచిన నీళ్లే అయినా చద్దన్నంలో గడ్డ నీళ్లు పోసుకుంటే ఫలితం సున్నా.

ఏ నీళ్లు తెచ్చుకోవాలి

చుట్టూ సిమెంటు గట్టు పగలకుండా ఉన్న బోరింగు ఉంటే అదే మేలు. తర్వాత, పైన కప్పు వేసి గొట్టం ద్వారా వచ్చే కొండ ఊట. ఆ తర్వాత గట్టున్న బావి. అన్నిటికన్నా చివర పారే గడ్డ, ఏరు. ఏటికే పోవాల్సి వస్తే పారే నీళ్లలో బిందె ముంచకండి. ధారకు పది అడుగుల దూరంలో ఇసకలో చెలమ తీయండి. మొదట ఊరిన నీళ్లు రెండు మూడు సార్లు తోడి పారబోసి, ఆ తర్వాత తేరినవి పట్టుకోండి. ఇసక సగం పని చేసిపెడుతుంది. నిన్నటి చెలమలో పశువులు కాలు పెట్టి ఉంటాయి కాబట్టి ఈ రోజుది ఈ రోజే తీయాలి.

బురద తీయడం

బురద ఉండగా క్లోరిన్ వేసినా, ఎండలో పెట్టినా సరిగా పనిచేయదు. క్లోరిన్ అంతా ఆ మట్టికే ఖర్చైపోతుంది. కాబట్టి ముందు నీళ్లు తేరాలి.

బిందె కదలకుండా ఒక రాత్రి ఉంచితే చాలా వరకు అడుగుకు దిగుతుంది. వానాకాలం వంశధార నీళ్లకు అది చాలదు. పటిక ముక్కను 20 లీటర్ల నీళ్లలో నాలుగైదు సార్లు తిప్పి తీసేయండి. తర్వాత శుభ్రమైన గరిటెతో ఒక నిమిషం జోరుగా, ఐదు నిమిషాలు నెమ్మదిగా కలిపి గంట సేపు వదిలేయండి. ఆ నెమ్మదిగా కలపడమే కీలకం. మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని తెట్టులా బరువెక్కి దిగేది అప్పుడే. పటిక ఎక్కువైతే నాలుకకు వగరు తెలుస్తుంది. మర్నాడు తగ్గించండి.

పటిక దొరక్కపోతే చిల్లగింజ ఉంది. మా అమ్మమ్మ కడవ లోపలి అంచుకి చిల్లగింజ అరగదీసి నీళ్లు పోసేది. అడవి వైపు సంతల్లో అడిగితే ఇప్పటికీ ఇస్తారు. ఎండిన మునగ గింజ కూడా ఇదే పని చేస్తుంది. పొట్టు తీసి, మెత్తగా దంచి, బాగా బురదగా ఉన్న నీటికి లీటరుకు ఒక గింజ లెక్కన కలపాలి. మునగ పొడి కలిపిన నీళ్లు మర్నాటికి ఉంచకండి, వాసన వస్తాయి.

తేరిన నీళ్లను మడతపెట్టిన పాత నూలు చీరలోంచి వడకట్టండి. కొత్త చీర కన్నా ఉతికి ఉతికి మెత్తబడిన చీర మంచిది, పోగుల మధ్య సందులు పూడి ఉంటాయి. మడతలు కనీసం నాలుగు, ఎనిమిదైతే ఇంకా మేలు. ఇది పెద్దవాళ్ల చాదస్తం కాదు. బంగ్లాదేశ్ పల్లెల్లో ఇలా మడతల చీరతో వడకట్టిన ఇళ్లలో కలరా 48 శాతం తగ్గిందని 2003లో అచ్చైన పరిశోధన చెప్పింది. కలరా క్రిమి నీటిలోని సన్నటి జీవులను అంటిపెట్టుకుని ఉంటుంది, గుడ్డకు చిక్కేది ఆ జీవులు. మిగతా సగం మాటో? అందుకే వడకట్టడంతో ఆగకూడదు.

కాచడం, దాని ఖరీదు

నీళ్లు కాచి చల్లార్చి తాగమని అందరూ చెబుతారు. చెప్పడం తేలిక. 20 లీటర్లు మరిగించడానికి మూడు రాళ్ల పొయ్యి మీద 3 నుంచి 4 కిలోల ఎండు కట్టెలు కావాలి. నెలకు సుమారు క్వింటాలు. ఆ మోపు కొండ మీంచి తెచ్చేది ఎవరో మీకు తెలుసు. గ్యాస్ మీదైతే రోజుకు సుమారు పావు కిలో, అంటే 14.2 కిలోల సిలిండర్‌లో సగానికి పైగా నెలనెలా నీళ్లకే పోతుంది. ఊరంతా ఇలా కాస్తే కొన్నాళ్లకు దగ్గరి కొండ బోడి అవుతుంది. కొండ బోడి అయితే ఊట తగ్గుతుంది. నీళ్ల కోసం నీళ్లనే పోగొట్టుకున్నట్టు.

కాబట్టి కాచడాన్ని అవసరం ఉన్నవాళ్లకు దాచండి: పసిపిల్లలు, జ్వరంతో ఉన్నవాళ్లు, బాలింతలు. వాళ్లకు రెండు మూడు లీటర్లు చాలు. అన్నం వార్చాక పొయ్యిలో మిగిలిన నిప్పు మీద పెట్టండి. గిన్నె మీద మూత వేయండి. పెద్ద బుడగలతో తెర్లడం మొదలయ్యాక ఒక్క నిమిషం మరిగితే సరిపోతుంది. పది నిమిషాలు, సగం ఇగిరేదాకా అని కొందరు కాస్తారు. అది కట్టెలు దండగ. 2000 మీటర్లు దాటిన ఎత్తుల్లో మూడు నిమిషాలు మరిగించాలి. మన ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన దేవమాలి శిఖరమే 1672 మీటర్లు, కాబట్టి ఆ గొడవ మనకు లేదు.

క్లోరిన్ మందు: వానాకాలం ఇదే దిక్కు

రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2007లో, మళ్లీ 2022లో కలరా వచ్చింది. రెండుసార్లూ వానాకాలమే. జూన్ నుంచి అక్టోబరు దాకా మా ఇంట్లో రోజూ చేసేది ఈ పనే.

మంచి బ్లీచింగ్ పౌడర్‌లో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. మూత సరిగా పెట్టకుండా నిలవ ఉంచితే అది గాలిలో కలిసిపోతుంది. డబ్బా తెరవగానే ఘాటు ముక్కుకు కొట్టాలి. కొట్టలేదంటే మీ చేతిలో ఉన్నది ఉత్త సున్నం. వానాకాలం ముందు ఆశా దీదీని అడగండి. గావ్ కల్యాణ్ సమితి (ఊరి ఆరోగ్య కమిటీ) డబ్బుతో ఊరి బావుల కోసం తెప్పించే వీలుంది. క్లోరిన్ బిళ్లలు ఇస్తే ఇంకా సులువు, అట్ట మీద రాసిన కొలత ప్రకారం వేసుకోవడమే.

పౌడర్‌తో ఇంట్లో మందు నీళ్లు చేసుకోవడం ఇలా. కిరాణా కొట్టులో 15 గ్రాములు తూయించండి. ముందు కొంచెం నీళ్లతో గాజు గ్లాసులో గుజ్జులా కలపండి, ఉండలు ఉండకూడదు. తర్వాత మొత్తం అర లీటరు అయ్యేట్టు నీళ్లు పోసి, మూత పెట్టి, పావుగంట కదపకుండా ఉంచండి. తెల్లటి సున్నం అడుగున కూర్చుంటుంది. పైన తేరిన నీళ్లను మాత్రమే రంగు సీసాలోకి వంచుకోండి. మందు అదే. సీసా మీద తారీకు రాసి, ఎండ తగలని చోట, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. వారం దాటితే పారబోసి కొత్తది చేసుకోండి. లెట్రిన్ కడిగే యాసిడ్ దగ్గర పెట్టొద్దు. రెండూ కలిస్తే వచ్చే వాయువు ప్రాణాంతకం.

మోతాదు: తేరిన 20 లీటర్ల నీటికి 4 మిల్లీలీటర్లు. కొలవడానికి దగ్గుమందు సీసా మూత పనికొస్తుంది, దాని మీద 5 గీత ఉంటుంది కదా, దానికి కాస్త కిందికి. ఆ మూత ఇక దగ్గుమందుకు వాడకండి. మీ బిందెకు ఎన్ని లీటర్లు పడతాయో లీటరు సీసాతో ఒక్కసారి కొలిచి తెలుసుకోండి, అన్ని బిందెలూ ఒక్కలా ఉండవు. కలిపాక అరగంట ఆగండి.

అరగంట తర్వాత గ్లాసులో పోసి వాసన చూడండి. లీలగా క్లోరిన్ వాసన తెలిస్తే పని అయిందని అర్థం. అసలేమీ తెలియకపోతే మందు సత్తువ పోయిందో, నీళ్లలో మురికి ఎక్కువో. ఇంకో 2 మిల్లీలీటర్లు వేసి మళ్లీ అరగంట ఆగండి. మరీ ఘాటుగా ఉంటే మూత తీసి, గుడ్డ కప్పి రెండు గంటలు ఉంచితే తగ్గుతుంది. మా నాన్నకు ఈ వాసన పడేది కాదు. ఆయనకు రాత్రే కలిపి పొద్దున ఇచ్చేవాళ్లం, తేడా కనిపెట్టలేదు.

ఇత్తడి, రాగి, ఇనుప గిన్నెల్లో క్లోరిన్ నీళ్లు పెట్టొద్దు. లోహం క్లోరిన్‌ను తినేస్తుంది, గిన్నె కూడా పాడవుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము వాడండి. రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లలో కొన్ని రకాల విరేచనాల క్రిములు చచ్చిపోతాయని పరీక్షల్లో తేలిన మాట నిజమే. కానీ అది విడిగా, మామూలు నీళ్లతో చేసుకునే పని. వరద నీటికి దాన్ని నమ్ముకోకండి.

ఎండాకాలం సూర్యుడికి అప్పగించండి

నవంబరు నుంచి మే దాకా కట్టె, మందు రెండూ ఖర్చు కాని దారి ఇది. రంగు లేని, గీతలు పడని, ఒకటి లేదా రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు తీసుకోండి. అడుగున త్రికోణంలో 1 అంకె ఉన్నవి చూసుకోండి. లేబుల్ పీకేయండి. మూడొంతులు నింపి, మూత పెట్టి బాగా గిలకొట్టి, తర్వాత పూర్తిగా నింపండి. రేకుల కప్పు మీద పడుకోబెట్టి, ఎండలో 6 గంటలు ఉంచండి. సగానికి మించి మబ్బు ఉంటే వరసగా 2 రోజులు. వాన పడుతుంటే ఈ పద్ధతి మర్చిపోండి.

నీళ్లు తేరాయో లేదో చూడడానికి: నిండు సీసాను దినపత్రిక హెడ్‌లైన్ మీద నిలబెట్టి, పైనుంచి మూతి గుండా చూడండి. అక్షరాలు చదవగలిగితే ఎండలో పెట్టొచ్చు. లేకపోతే మళ్లీ పటిక. అదే సీసాలోంచి తాగండి, ఇంకో దాంట్లోకి వంపకండి.

శుభ్రం చేసిన నీళ్లు ఇంట్లోనే పాడవుతాయి

ఇంత కష్టపడి, మూత లేని బిందెలో చెంబు ముంచి తీస్తే, చెంబుతోపాటు వేళ్లూ మునుగుతాయి. కింద కుళాయి బిగించిన డ్రమ్ము కొనుక్కోండి. లేదంటే పొడవు కాడ గరిటె ఒకటి గోడకు మేకు కొట్టి తగిలించి, తాగే నీళ్లకు అదొక్కటే వాడండి. చిన్నపిల్లలు గరిటెను నేల మీద ఆడుకోవడానికి పట్టుకెళ్తారు, మేకు కాస్త ఎత్తులో కొట్టండి. డ్రమ్మును వారానికోసారి కడగండి. రోజూ పాత నీళ్లు పూర్తిగా తీశాకే కొత్తవి పోయండి.

బావికి మందు వేయడం

నాలా గుమ్మరించకండి. లెక్క ఇది.

1. బావి లోపలి వెడల్పు, నీటి లోతు మీటర్లలో కొలవండి. లోతుకు చేంతాడుకు రాయి కట్టి దింపితే చాలు.
2. వెడల్పును వెడల్పుతో గుణించి, లోతుతో గుణించి, 3.14తో గుణించి, 4తో భాగించండి. వచ్చినదాన్ని 1000తో గుణిస్తే లీటర్లు. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల నీళ్లు ఉంటే 9420 లీటర్లు.
3. 1000 లీటర్లకు 2.5 గ్రాముల పౌడర్. పై బావికి 24 గ్రాములు. వరద నీరు దిగిన బావికి దీనికి రెట్టింపు. నేను వేసిన నాలుగు పిడికిళ్లు ఎన్ని గ్రాములో మీరే ఊహించుకోండి.
4. బకెట్‌లో పౌడర్‌ని గుజ్జుగా కలిపి, ముప్పావు బకెట్ నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనివ్వండి. తేరిన నీటిని వేరే బకెట్‌లోకి వంచండి. అడుగున మిగిలిన సున్నం బావిలో వేయకూడదు.
5. ఆ రెండో బకెట్‌ని చేంతాడుతో నీటి లోపలికి దింపి, పైకీ కిందికీ గట్టిగా లాగుతూ కలపండి.
6. కనీసం గంట వరకు ఎవరూ తోడకూడదు. అందుకే రాత్రి అందరూ తోడుకున్నాక వేయడం మంచిది. వేశామని వీధిలో చెప్పండి.

లెట్రిన్ గుంట బావికి 15 మీటర్ల లోపు ఉంటే ఎంత మందు వేసినా అది తాత్కాలికమే. గట్టు పగుళ్లు పూడ్చడం, తోడే చేద ఒక్కటే ఉంచి దాన్ని నేల మీద పెట్టకపోవడం మందుకన్నా ఎక్కువ కాలం పనిచేస్తాయి.

మందుకు లొంగనివి

బోరింగు నీళ్లు పట్టినప్పుడు తెల్లగా ఉండి, గంటకు ఎర్రబడితే అందులో ఇనుము ఉంది. అనుమానం ఉంటే ఒక గ్లాసు నీళ్లలో పాలు కలపని టీ డికాషన్ నాలుగు చుక్కలు లేదా కరక్కాయ పొడి చిటికెడు వేయండి. నీలి నలుపు రంగు తిరిగితే ఇనుమే. వెనకటికి కరక్కాయతో సిరా చేసింది ఈ గుణంతోనే. ఒక బిందెలోంచి ఇంకో బిందెలోకి ఎత్తు నుంచి పది సార్లు వంపి, రాత్రంతా ఉంచి, కడిగిన ఇసక, బొగ్గు వేసిన కుండలోంచి వడకట్టండి. క్లోరిన్ ఆ తర్వాతే.

ఫ్లోరైడ్, నైట్రేట్ రుచికి, రంగుకు తెలియవు. కాస్తే పోవు సరికదా, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కబడతాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్, 45 దాటిన నైట్రేట్ ఉంటే ఆ బోరు తాగడానికి మానేయడమే. పరీక్ష కిట్లు గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ల దగ్గర ఉంటాయి. బ్లాకు ఆఫీసులో మన తెలుగు అర్థం కాకపోతే ‘పాణి పరీక్షా’ అంటే చాలు. క్రిముల కోసం చిన్న సీసా ఇస్తారు, నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడిన నీళ్లు మలంతో కలిసినవి.

ఇక ఆర్‌ఓ మెషిన్. మా బావగారు గుణుపురంలో పెట్టించారు. లీటరు మంచినీళ్లకు రెండు మూడు లీటర్లు మోరీలోకి పోతాయి. లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్న చోట దీన్ని వాడనివ్వొద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది కూడా. కొనే ముందు లవణాలు కొలిపించండి. తక్కువ ఉంటే ఆ డబ్బుతో కుళాయి డ్రమ్ము, పటిక, పౌడర్ కొని ఇంకా చాలా మిగుల్చుకోవచ్చు. ఇది బావగారితో అనలేదు లెండి.

ఊటను చూసుకోవడం

గంజాం, గజపతి కొండల్లో గ్రామ్ వికాస్ లాంటి సంస్థలు కొండ ఊట నీటిని మోటారు లేకుండా, వాలు మీదుగా గొట్టాలతో ఊళ్లోకి తెచ్చాయి. కరెంటు పోయినా ఆగవు. తిత్లీ తర్వాత ఆ విలువ మాకు బాగా తెలిసొచ్చింది. మీ ఊరికి అలాంటి ఊట ఉంటే, అది పుట్టే చోట చుట్టూ రాతి గోడ కట్టి పైన కప్పు వేయించండి. దానికి ఎగువన, వాన నీరు నేరుగా ఊటలో పడకుండా అర్ధచంద్రాకారంలో కాలువ తవ్వండి. ఎగువన పశువుల శాల, లెట్రిన్ ఉండకూడదు. అక్కడి చెట్లు కట్టెలకు కొట్టకూడదు, ఎండిన పుల్లలు ఏరుకుంటే చాలు.

ఊట బాగుందో తగ్గుతోందో కళ్లతో చూసి చెప్పలేం. 20 లీటర్ల బకెట్ పెట్టి, నిండడానికి ఎంత సేపు పడుతుందో ఫోన్‌లో చూడండి. రెండు నిమిషాల్లో నిండితే రోజుకు 14,400 లీటర్లు. మే నెలాఖరులో ఒకసారి, దసరా వెళ్లాక ఒకసారి కొలిచి, తారీకుతో సహా బడి గోడ మీద రంగుతో రాయించండి.